గౌరికి తెలిసిన తెలుగు

పోయిన నెల మా బుకిట్ బటోక్ ఫ్లాట్‌కి ఒక కుర్రాడు వచ్చాడు. పేరు శ్రీకాంత్, ఊరు ఖమ్మం, ఇక్కడి యూనివర్సిటీలో భాషల మీద పరిశోధన. మలేసియా నుంచి దిగివచ్చి సింగపూర్‌లో స్థిరపడ్డ పాత తెలుగు కుటుంబాల మాటతీరు పూర్తిగా పోకముందే రికార్డు చెయ్యాలట. "పోకముందే" అన్నప్పుడు పొరపాటున నా వైపు చూసి, వెంటనే మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడు. మర్యాదస్తుడే. కాఫీ ఇచ్చాను. అతను టేబుల్ మీద అగ్గిపెట్టె అంత మిషను పెట్టాడు. నేను గొంతు సవరించుకుని, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్ కొబ్బరితోటల్లోకి ఎలా వచ్చాడో, మా నాన్న అక్కణ్ణుంచి గుర్రాల్ని చూసుకునే సైసు పని వెతుక్కుంటూ సింగపూర్ ఎలా చేరాడో చెప్పుకుపోయాను. ఉద్యోగమంతా బళ్లో చరిత్ర చెప్పినదాన్ని, ఒకసారి మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపడం నాకు అలవాటు లేదు. అతను అంతా విని, మిషను ఆపి, "చాలా బాగా చెప్పారు ఆంటీ. కానీ ఇది వార్తలు చదివినట్టుంది. మీ ఇంట్లో మాట్లాడుకునేది కావాలి నాకు" అన్నాడు.

నిజమే. ఈ తెలుగు నేను ఆదివారం క్లాసులో, ఆ తర్వాత పుస్తకాల్లో నేర్చుకున్నది. ఇంట్లో తెలుగు వేరు. అది మా అమ్మతో పాటు వెళ్లిపోయింది, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా. ఇప్పుడు తెలుగులో ఎవరితో మాట్లాడతారు అని అడిగాడు. లిఫ్టుతో, అది ఆలస్యం చేసినప్పుడు, అన్నాను. జోక్ అనుకుని నవ్వాడు. పోనీ చిన్నప్పుడు మీ ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఎవరు అన్నాడు. మా నాన్న అన్నాను. మీతోనా అన్నాడు.

"కాదు. గుర్రంతో."

ఆ మాట నోట్లోంచి వచ్చిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. అతను వెళ్లాక వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరిగాను. కుక్కర్ పెట్టి మర్చిపోయాను. కింద కాఫీషాపులో టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఆపుకున్న, ఇక్కడి మాటలో చోప్ చేసుకున్న, సీట్లో కూడా కూర్చోలేక లేచొచ్చాను. చివరికి ఇలా రాయడానికి కూర్చున్నాను, అదీ మధ్యమధ్యలో లేస్తూనే. మా అమ్మ నన్ను చూసి "దీని కాళ్లలో చక్రాలున్నాయి" అనేది. ఆ చక్రాలు అరిగిపోయాయనుకున్నాను ఇన్నాళ్లూ.

అప్పట్లో మా ఇల్లు బుకిట్ తిమాలో. ఈ ఊరు తెలిసినవాళ్లు అది వినగానే కొంచెం నిటారుగా కూర్చుంటారు. అక్కడ ఉండేది బంగళాలు, కార్లు, కుక్కలకు కూడా కాపలాదార్లు ఉండే మనుషులు. కాలేజీలో "ఎక్కడ ఉంటావు" అని ఎవరైనా అడిగితే నేను "బుకిట్ తిమా" అని ఊరుకునేదాన్ని. మిగతా సగం, అంటే రేసుకోర్సు వెనకాల, గుర్రపు లాయాల పక్కన, సైసుల క్వార్టర్ల వరసలో చివరి గది అన్న సగం, ఎవరూ అడిగేవాళ్లు కాదు. వరసలో మలాయ్ వాళ్లు, తమిళులు, మేము. తలుపులన్నీ ఒకే ఆకుపచ్చ. తడిసిన గడ్డి, బెల్లప్పాకం లాంటి దాణా వాసన, గుర్రాల కాళ్లకు రాసే మందునూనె ఘాటు, వీటన్నిటి మీద మా అమ్మ వేసే ఇంగువ పోపు. ఆ వాసన బట్టలకి పట్టేది. కాలేజీ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. నా తెలివితేటలకి భయపడుతున్నారని నేను చాలాకాలం నమ్మాను.

మా ఇంట్లో ఉలవలు మనుషులు తినేవాళ్లు, ఓట్స్ గుర్రాలు తినేవి. అమ్మ సెరంగూన్ రోడ్డు కొట్లో ఉలవలు తెచ్చి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్న ఎసట్లో పడేసి, ఆ కట్టుతో చారు కాచేది. ఎవరి తిండి ఎవరు తింటున్నారన్న ప్రశ్న అప్పట్లో మాకు రాలేదు. ఇప్పుడు డాక్టరు నన్ను పొద్దున్నే ఓట్స్ తినమన్నాడు. తింటున్నాను. గుర్రాలు ఎందుకు అంత గంభీరంగా ఉండేవో ఇప్పుడు తెలుస్తోంది.

నాన్న తెల్లవారకముందే లేచేవాడు. స్నానం, విభూది, గుక్కెడు కాఫీ, ఒక్క మాట లేకుండా. మధ్యాహ్నం వచ్చేవాడు. మళ్లీ స్నానం, ఎర్ర సబ్బుతో. ఆ సబ్బు గుర్రం వాసన పోగొట్టేది కాదు, దానికి తన వాసన కలిపేది. తిండి, నిద్ర, సాయంత్రం దాణా వేళకి మళ్లీ లాయం. ఇంట్లో ఆయన మాటలు ఉప్పు, నీళ్లు, ఊఁ. అమ్మ రోజు విశేషాలన్నీ చెప్పుకొచ్చేది. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వినేవాడు. వింటున్నాడో లేదో ఎవరికీ తెలిసేది కాదు. "నానూ నాలుగు కాళ్ల మీద నడిస్తే నాతోటీ మాట్లాడతాడేమో" అనేది అమ్మ, ఆయనకి వినబడేలా. ఆయన పళ్లెంలో చెయ్యి కడుక్కునేవాడు.

ఆ నాలుగు కాళ్ల మనిషి పేరు గౌరి. రేసు కాగితాల్లో ఆమెకి లేడీ ఏదో అని చాలా ఘనమైన ఇంగ్లీషు పేరుండేది. కాని ఆ పేరుతో పిలిస్తే తోక కూడా కదిపేది కాదు. ముదురు గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి మచ్చ. రేసుల్లో సాధారణంగా మర్యాదగా వెనక వచ్చేది, మిగతావాళ్లకి దారిచ్చి. అప్పుడప్పుడు మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వచ్చేసేది. ఆ అప్పుడప్పుడు కోసమే దాన్ని ఉంచారు. లాయంలో ఎప్పుడూ కుదురుండేది కాదు, గుమ్మం దగ్గర ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి ఊగుతూనే ఉండేది. నాన్న వచ్చి తాడు పట్టుకుంటే ఆగేది. పొద్దున్న పరుగు అయ్యాక గుర్రానికి చెమట ఆరేదాకా గుండ్రటి దారిలో చుట్లు తిప్పాలి. ఆ తర్వాత కడగాలి, ఆ తర్వాతే దాణా. అదీ పని వరస. ఆ చుట్లు తిరిగేటప్పుడే ఆయన దానితో మాట్లాడేవాడు. దూరం నుంచి చూస్తే ఇద్దరు పెద్దమనుషులు పెళ్లి సంబంధం గురించి చర్చిస్తూ నడుస్తున్నట్టుండేది. నేనెప్పుడూ దగ్గరికి వెళ్లి వినలేదు. నాకు బస్సు టైము.

నాకు అక్కణ్ణుంచి పోవాలని ఉండేది. ఎక్కడికన్నది తర్వాతి సంగతి. కాలేజీ చివరి ఏడు, బ్రూనైలో టీచరు ఉద్యోగాలున్నాయని తెలిసి పెట్టాను. వచ్చింది. ప్రపంచం చూడాలనే కోరిక ఉన్నవాళ్లు సాధారణంగా బ్రూనైతో మొదలుపెట్టరు, కాని నాకు ఇచ్చింది వాళ్లే. అమ్మకి చెప్పాను. అమ్మ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఎంత జీతం అని అడిగి, నాన్నకి నువ్వే చెప్పు అంది. నాన్నకి ఎలా చెప్పాలి? ఉప్పు, నీళ్లు, ఊఁ, వీటి మధ్య బ్రూనై పట్టే చోటు ఎక్కడుందని? రేపు చెబుదాం అనుకుంటూ వారాలు గడిపాను.

రూత్ అనే ఆవిడ ఆ రోజుల్లోనే మా ఇంటికి రావడం అలవాటు చేసుకుంది. పొద్దున్నే గుర్రాలనెక్కి పరుగు తీయించే పని ఆమెది. గౌరిని కూడా ఆమే పరుగు తీయించేది. ఒక ఆస్ట్రేలియా ట్రైనర్ వెంట ఊళ్లు తిరుగుతూ వచ్చింది, అసలు ఊరు అమెరికా పడమటి వైపు, నీలికొండలనే కొండల కింద. కయూస్ అనే జాతి మనిషి. అమెరికన్ ఇండియన్ అని చెప్పింది. ఆ మాట మీద చెయ్యగలిగిన హాస్యమంతా మా వరసలో వాళ్లు మొదటి వారంలోనే చేసేశారు కాబట్టి నేను చెయ్యను. పొట్టి మనిషి, నల్లటి జడ, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. ఒకరోజు పోపు వాసనకి మా గుమ్మంలో ఆగింది. అమ్మ ఏమీ అడగకుండా పళ్లెం పెట్టింది. ఉలవచారు తాగి, ఇది దేంతో చేశారని అడిగి, జవాబు నేను ఇంగ్లీషులో చెబితే, తన జీవితంలో గుర్రాల కోసం చాలా చేసింది కాని వాటి దాణా తినడం ఇదే మొదలు అంది. అప్పట్నుంచి వారానికి మూడు పూటలు మా మెట్టు మీదే.

ఆ మెట్టు మీద కూర్చునే చెప్పింది, వాళ్లవాళ్లు మొదటిసారి గుర్రాన్ని చూసిన కథ. అప్పటికి వాళ్లు కాళ్ల మీద తిరిగేవాళ్లు, చేపలు, దుంపలు. ఒకసారి దక్షిణాన ఉన్న శత్రువుల మీదికి యుద్ధానికి బయలుదేరారు. ముందు వెళ్లిన వేగులు పరుగెత్తుకొచ్చి, శత్రువులు దుప్పులెక్కి తిరుగుతున్నారు అని చెప్పారు. నాయకుడు నమ్మలేదు. ఇంకొందరిని పంపాడు. వాళ్లూ అదే చెప్పారు, పైగా నేల మీద అడుగులు చూశామన్నారు. దుప్పి డెక్క రెండుగా చీలి ఉంటుంది, ఇది గుండ్రంగా, చీలిక లేకుండా ఉంది. అప్పుడా నాయకుడు యుద్ధం సంగతి పక్కనబెట్టి సంధి అడిగాడు. ఒంటి మీద ఉన్నవీ చేతిలో ఉన్నవీ అన్నీ ఇచ్చేసి ఒక జంటను కొనుక్కున్నాడు. యుద్ధానికి వెళ్లినవాళ్లు అలా దాదాపు బట్టల్లేకుండా ఇంటికొచ్చారు, రెండు గుర్రాలతో. ఇంట్లో ఆడవాళ్లు ఏమన్నారో కథలో లేదు, ఊహించుకోవచ్చు అంది రూత్. ఆ జంట నుంచే కొండల నిండా మందలయ్యాయి. లెక్కపెట్టగలిగినన్ని గుర్రాలున్నవాణ్ణి పేదవాడనేవారట. ఆడవాళ్లకి వాళ్ల గుర్రాలు వాళ్లకే ఉండేవి. పండగకి గుర్రాన్ని మెడ నుంచి తోక దాకా పూసలతో సింగారించి ఊరేగేవాళ్లు.

తర్వాత తూర్పు నుంచి తెల్లవాళ్ల దండొకటి నదులు పట్టుకుని వచ్చింది. మా చరిత్ర పుస్తకాల్లో ఆ ప్రాంతాన్ని కనిపెట్టింది వాళ్లే. రూత్ వాళ్ల మామ్మ చెప్పిన ప్రకారం మాత్రం, ఎవరో తిండి చాలక, గుర్రాలు చాలక, దారి అడుగుతూ వచ్చారు. గుర్రాలు అమ్మాం, దారి చూపించాం, వాళ్లు గుర్రాల మీద సామాను కట్టే తీరు చూసి మర్యాదకి వెనక్కి తిరిగి నవ్వాం. వాళ్లు రాసుకున్న పుస్తకాల్లో మా గురించి నాలుగు ముక్కలుంటాయి, గుర్రాల గురించి అంతకన్నా ఎక్కువ అంది. వాళ్ల తర్వాత వలసవాళ్ల ఎద్దుబళ్లు వచ్చాయి. బళ్లతో పాటు తట్టు వచ్చింది. ఇళ్లకిళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడ రూత్ ఆగి, అమ్మని ఇంకొంచెం చారు అడిగింది.

నేను తెలుగులోకి మార్చి చెబుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయన ఒక్కటే అడిగాడు, అది కూడా అడగనా వద్దా అన్నట్టు. "మరి ఆ కొన్న గుర్రాలకి అమ్మినోల్ల బాసే గదా తెలుసు. ఈల్లు ఏ బాసలో పిలిసినారు?" నేను ఇంగ్లీషులో చెప్పాను. రూత్ పళ్లెం పక్కన పెట్టింది. అప్పుడు వాళ్ల మామ్మ గురించి చెప్పింది. వాళ్ల జాతి భాష దాదాపు పోయింది. పక్క తెగల భాషలు మాట్లాడీ మాట్లాడీ, తర్వాత ఇంగ్లీషు మాట్లాడీ, దాన్ని ఎక్కడో జారవిడిచేశారు. మామ్మకి కొన్ని మాటలు మిగిలాయి. అవి గుర్రాల దగ్గర తప్ప వచ్చేవి కావు. ఒక ప్రొఫెసరు పెద్ద మిషను పట్టుకుని వచ్చి, నీళ్లని ఏమంటారు, నిప్పుని ఏమంటారు అని అడిగాడట. మామ్మ ప్రతిదానికీ పక్క తెగ మాట చెప్పింది. అబద్ధం కాదు, అదే వచ్చింది. ఆయన వెళ్లాక కంచె దగ్గరికెళ్లి, ఇంత సేపూ ఆ మనిషి ఎంత విసిగించాడో గుర్రానికి ఆ భాషలోనే చెప్పిందట. రూత్‌కి వాటిలో గుప్పెడు మాటలొచ్చు. రెండు మాకు చెప్పింది కూడా. అవి ఇక్కడ రాయను. నా చెవి మీద నాకంత నమ్మకం లేదు, పోయిన భాషకి తప్పులు దిద్దుకునే అవకాశం కూడా ఉండదు.

తర్వాత కొద్ది రోజులకే నాన్న లాయం కడుగుతూ జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. గుర్రం తన్ని ఉంటే బాగుండేదని ఆయన బాధ. ఇన్నేళ్ల సైసు సబ్బునీళ్ల మీద పడ్డాడంటే వరసలో ఎలా తలెత్తుకోవాలి? ఆస్పత్రిలో కాలు పైకి కట్టారు. మేం వెళ్లగానే అడిగాడు, "అది తిన్నాదా?" అని. అమ్మ, "తిన్నాది. రెండోపాలి కూడా ఎట్టించుకున్నాది" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. కాసేపటికి, అమ్మ చెప్పింది నా గురించి, ఆయన అడిగింది గౌరి గురించి అని అందరికీ అర్థమైంది. ముగ్గురం కిటికీలోంచి బయటకి చూశాం.

గౌరి తినలేదు. మొదటి రోజు ముట్టలేదు, రెండో రోజు మూతి పెట్టి తీసేసింది. తమిళ సైసు తమిళంలో బతిమాలాడు, మలాయ్ సైసు మలాయ్‌లో మకాన్ మకాన్, తిను తిను, అన్నాడు. గుర్రాల డాక్టరు వచ్చి పళ్లు, పొట్ట చూసి ఏ రోగమూ లేదన్నాడు. రోజంతా గుమ్మంలో ఊగడమే, డొక్కలు లోపలికి పోతున్నాయి. ట్రైనరు చెడ్డవాడు కాదు, లెక్కలు తెలిసినవాడు. ఆదివారం దాకా చూద్దాం, తర్వాత పంపించేద్దాం అన్నాడు. మా వరసలో "పంపించడం" అంటే ఎక్కడికి అని ఎవరూ అడగరు. గెలవని గుర్రాలు అలాగే వెళ్లేవి, తిరిగి వచ్చినదాన్ని చూడలేదు. ఈ సంగతి నాన్నకి చెప్పకూడదని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. కాని రోజూ ఆయన అడిగేది అదొక్కటే, రోజూ మేం తిన్నాది అనేవాళ్లం. ఆయన మా కళ్లలోకి చూసేవాడు. గుర్రాలతో బతికిన మనిషి, చెవులు చూసి సంగతి చెప్పగలడు. మా చెవులు ఏం చెప్పాయో.

శనివారం తెల్లవారకముందు రూత్ మా తలుపు కొట్టింది. నీకు మీ నాన్న మాట వచ్చు కదా, రా అంది. నాకు గుర్రాల పని రాదన్నాను. పని నేను చేస్తాను, నువ్వు మాట్లాడు అంది. ఆమె లెక్క ఇది. పరుగు, నడక, కడగడం, దాణా. నడకలో నాన్న మాట ఉంటుంది. ఆ మాట లేకపోతే దాని దృష్టిలో ఇంకా నడక అవ్వలేదు. నడక అవ్వకపోతే దాణా వేళ కాలేదు.

"దానికి ఇంకా తెల్లవారలేదు" అంది రూత్. "మూడు రోజులుగా ఎదురుచూస్తోంది."

తాడు నా చేతిలో పెట్టింది. గుర్రం ఇంత పెద్దదని ఇన్నేళ్లు పక్కన బతికీ నాకు తెలియదు. ముందు ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ అన్నాను. అది నా భుజం మీంచి గేటు వైపు చూసింది. తర్వాత తెలుగులోకి దిగాను. ఆదివారం క్లాసు తెలుగు. "గౌరీ, దయచేసి ఆహారం తీసుకో" అన్నాను. రూత్‌కి తెలుగు రాకపోయినా, ఇది కాదు అంది వెంటనే. నాన్న ఏం చెప్పేవాడు అని అడిగితే ఆమెకి మాత్రం ఏం తెలుస్తుంది? పొడుగ్గా ఉండేది, గొణుగుతున్నట్టు, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు అంది. ఈ మధ్య మరీ ఎక్కువైంది, కొన్ని వారాలుగా రోజూ ఒక చుట్టు ఎక్కువే తిరుగుతున్నాడు అంది. అది వింటూ నేను తడిగడ్డిలో నిలబడ్డాను. చెప్పుల్లో గుర్రపు లద్దె. బస్సుకి టైమవుతోంది. ఎందుకో ఒళ్లు మండింది. ఇంటి మాటలో తిట్టడం మొదలుపెట్టాను. నీకేటొచ్చిందే, తినడానికేటి రోగం, ఆయన ఆస్పత్రిలో పడున్నాడు, మాయమ్మ ఏడుస్తన్నాది, నన్నేమో సీకట్లో నిలబెట్టినావు. మా అమ్మ నన్ను తిట్టే తిట్లన్నీ వరసగా దానికి అప్పజెప్పాను, అమ్మ గొంతుతోనే. "సత్తెమ్మీ, సత్తెమ్మీ అని అరిసి అరిసి నా గొంతు పోతాది గాని" అని అమ్మ అన్నట్టే అన్నాను.

గౌరి ఊగడం ఆపింది. తల తిప్పింది. రెండు చెవులూ నా వైపు నిలిచాయి.

"అదే" అంది రూత్. "రోజూ ఆయన అనేది అదే. మళ్లీ అను."

మళ్లీ అనడానికి కొంచెం టైము పట్టింది. బళ్లో నా పేరు సత్యవతి, కాలేజీలో సత్య. సత్తెమ్మి అనేది ఆ ఆకుపచ్చ తలుపు లోపల మాత్రమే. అది కూడా అమ్మ నోట. నాన్న నన్ను ఏ పేరుతోనూ పిలిచినట్టు గుర్తులేదు. పిలవాల్సిన పని ఉండేది కాదు. మరి ఈ గుర్రానికి ఆ పేరు ఇంత బాగా ఎలా తెలుసు? సత్తెమ్మి అన్నాను. అది ముక్కు నా చేతి కింద పెట్టి, నేను లాగకుండానే, గుండ్రటి దారి వైపు నడిచింది. ఇక నడుస్తూ చెప్పుకుపోవడమే. నాన్నలాగే, నన్ను ఇంకెవరిలాగో అనుకుని చెప్పాను. సత్తెమ్మికి పొద్దున్నే లేవడం బద్దకం. సత్తెమ్మి కాలేజీలో ఏటి సదువుతన్నాదో మనకి తెలీదు. సత్తెమ్మికి ఉద్యోగం వచ్చినాది. సత్తెమ్మి ఎల్లిపోతాదట, బ్రూనై అట, సముద్దరం అవతల, నాన్నకి సెప్పడానికి నోరు రావట్లేదట. చెమట ఆరేదాకా తిరిగాం. గుర్రానికి ఎప్పుడో ఆరింది. రూత్ కడిగింది. దాణా తొట్టెలో పోస్తే గౌరి మూతి దించి, ఏమీ జరగనట్టు, తినడం మొదలుపెట్టింది. ఆ నమిలే చప్పుడు అంత బాగుంటుందని నాకు తెలియదు. కాలేజీ బస్సు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో, నాన్న అడగకముందే, తిన్నాది అన్నాను. ఆయన నా చెవులు చూశాడు. ఈసారి నిజమని తెలిసింది.

"ఎవులు నడిపించినారు?"

"నానే."

"ఏటి సెప్పినావు దానికి?"

"ఇంటి మాటలే. సత్తెమ్మి బ్రూనై ఎల్లిపోతాదని."

ఆయన పైకి కట్టిన కాలు వైపు చూస్తూ ఉన్నాడు. నర్సు వచ్చి జ్వరం చూసి వెళ్లింది. పక్క మంచం ముసలాయన రేడియో మార్చాడు.

"అది గౌరికి తెలుసు గదా" అన్నాడు నాన్న. దుప్పటి సర్దుకుంటూ, "అక్కడ వానలెక్కువట. గొడుగు తీసుకెల్లు" అన్నాడు.

అంతే. ఎప్పట్నుంచి తెలుసు అని నేను అడగలేదు. అమ్మ చెప్పుకొచ్చే రోజువారీ విశేషాల్ని ఆయన వింటున్నాడని మాత్రం తేలింది. ఆయన ఇంటికొచ్చేదాకా పొద్దున్న నడక నాదే. దాణా పాకం వాసన అంటే ఇప్పటికీ నాకు ఇంటి సంగతులు గుర్తొస్తాయి. ఆ నెలలో మా ఇంటి గురించి గౌరికి నేను చెప్పినంత మళ్లీ ఎవరికీ చెప్పలేదు, ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాయనతో సహా. గౌరి ఆ తర్వాత ఎప్పట్లాగే మర్యాదగా వెనక పరుగెత్తి, ఒకసారి ఏదో గుర్తొచ్చి ముందొచ్చి, వయసయ్యాక పిల్లలకి స్వారీ నేర్పే చోటికి వెళ్లింది. దాన్ని అక్కడికే పంపేదాకా నాన్న ట్రైనర్ని వదల్లేదు. ఆయన ఒక మనిషితో అన్ని మాటలు మాట్లాడడం అదొక్కసారే. రూత్ ఇంకో ఊరికి, ఇంకో లాయానికి వెళ్లిపోయింది. నేను గొడుగు తీసుకుని బ్రూనై వెళ్లి, వానలు చూసి, కొన్నేళ్లకి తిరిగొచ్చాను. చాలా తర్వాత ఒక ఇంగ్లీషు నిఘంటువులో వేరే మాట వెతుకుతుంటే కయూస్ అనే మాట కనిపించింది. పొట్టి రకం గుర్రం అని అర్థం రాశారు. మనుషుల సంగతి లేదు.

శ్రీకాంత్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పి, నా చేత ఇంటి తెలుగు మాట్లాడించాలంటే ఒక గుర్రం చూసుకో నాయనా అన్నాను. సరదాకి అన్నాను. పరిశోధకులతో సరదాలు కుదరవని అప్పుడు తెలిసింది. రేసుకోర్సు బుకిట్ తిమా నుంచి క్రాంజీకి మారింది, ఈమధ్య అదీ మూసేశారు. గుర్రాల్ని విమానాలెక్కించి ఎక్కడెక్కడికో పంపారు. అయినా క్రాంజీ వైపు స్వారీ నేర్పే చోట్లు ఒకటి రెండున్నాయని అతనే కనిపెట్టాడు. ఆదివారం బయలుదేరాం. హౌగాంగ్ నుంచి మా మనవరాలు నిత్య కూడా వచ్చింది. ఫోన్లోంచి తల ఎత్తకుండానే రైలు మారగలదు, బస్సెక్కగలదు. తెలుగు రాదంటుంది. ఏం అడిగినా జవాబు ఇంగ్లీషే, చివర్న ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం ఒక లా. చదువు అయిపోతూ ఉంది, ఓడల మీద కేడెట్‌గా చేరుతోందట. నెలల తరబడి సముద్రం. నాకు చెప్పలేదు. మా అమ్మాయి నోరుజారి చెప్పి, నీకు తెలిసినట్టు దానికి తెలియకూడదు, నీకు చెప్పడానికి భయపడుతోంది అంది. భయపడేంత దాన్నా నేను? ఎలా మొదలుపెట్టాలో తెలియక, వారాలుగా దానితో తిండి గురించి మాత్రమే మాట్లాడుతున్నాను.

కంచె అవతల ఒక బూడిదరంగు పొట్టిగుర్రం గడ్డి తింటోంది. రౌతులు నడిపించే గుండ్రటి దారి, దాని చుట్టూ కట్టిన కొయ్య కంచె. శ్రీకాంత్ మిషను పట్టుకుని, "నేను లేననుకోండి ఆంటీ" అని కొంచెం పక్కకి వెళ్లాడు. నిత్య ఇంకో పక్క కంచెకి ఆనుకుని ఫోన్ చూసుకుంటోంది. ఎండ. ఏదో పక్షి. దూరంగా బస్సు పోయిన చప్పుడు. ఏం మాట్లాడను? ఏటే అన్నాను చివరికి. మెత్తగా అన్నాను. ఏటే, నీ పేరేటి, ఇక్కడేటి పెడతన్నారు నీకు, ఓట్సా, నాకూ అదే. గుర్రం తల ఎత్తలేదు. దానికి ఏ భాష వచ్చో. ఊరికే నడుస్తూ చెప్పాను. కంచె వెంబడి, ఇవతలి వైపు నుంచి. మా ఇంట్లో ఒక గుంటుంది, నా మనవరాలు, నిత్య అని. నిత్యకి పొద్దున్నే లేవడం బద్దకం. నిత్య ఎల్లిపోతాదట, ఓడెక్కి, నెలలకి నెలలు సముద్దరం మీదే. అమ్మమ్మకి సెప్పడానికి నోరు రావట్లేదట. అమ్మమ్మకా, వద్దనడానికి మనసొప్పదు, ఎల్లమనడానికీ నోరు రాదు.

గుర్రం గడ్డి తింటూనే ఉంది. తల ఎత్తింది నిత్య.

ఫోన్ కిందికి దిగింది. నా వైపు చూస్తోంది. "అమ్మమ్మా, యూ నో ఆల్రెడీ ఆ?"

"నీకు తెలుగు రాదుగా."

"మై నేమ్ ఐ నో, లా" అంది. "అండ్ ఓడ" అని కలిపింది.

నేను నడుస్తూనే ఉన్నాను. ఆగితే ఏమవుతుందో నాకు తెలియదు. అది ఫోన్ జేబులో పెట్టుకుని గబగబా వచ్చి నా పక్కన కలిసింది. నన్ను చూడలేదు, ముందున్న దారి చూస్తోంది. "కంటిన్యూ లా. గుర్రానికి వాట్ ఎల్స్ చెప్పావు?" అంది. గుర్రానికి, చెప్పావు, అన్న రెండు మాటలూ తెలుగులోనే అంది. శ్రీకాంత్ అంత దూరంలో మిషను పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, నిజంగానే లేనట్టు. నేను చెబుతూ పోయాను. అక్కడ వానలెక్కువ ఉంటాయేమో అన్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది, ఇక వెళ్లొచ్చు. ఇద్దరం ఆగకుండా గేటు దాటి మళ్లీ కంచె వెంబడే నడిచాం. ఆ రోజు ఒక చుట్టు ఎక్కువే తిరిగాం.